ఘంటాపథం: ఒక లారీ గురువాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "క్లచ్చి తొక్కరా ఎదవా! గేరు మార్చు. అద్దం చూడు, నా మొహం చూడకు. మాకెవడు నేర్పాడ్రా?"

అవతారిక. ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు. రావులపాలెంలో అరటి గెలలు ఎత్తుకున్న లారీలోనూ, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు పట్టుకెళ్లే లారీలోనూ, అంబాజీపేట కొబ్బరి లోడులోనూ, ఆకివీడు చేపల లోడులోనూ ఇదే వినిపిస్తుంది. వక్త ఎడమ సీట్లో కాళ్లు డ్యాష్‌బోర్డు మీదికి చాపుకున్న సీనియరు డ్రైవరు. శ్రోత స్టీరింగు వెనక బిగుసుకుపోయిన క్లీనరు కుర్రాడు. 'ఎదవా' అన్నచోట పాఠాంతరాలు చాలా ఉన్నాయి. వాటిలో ప్రాచీనమైనవీ బలమైనవీ పత్రికలో అచ్చుకు నిలవవు కనుక పరిష్కర్త అన్నిటికన్నా మెత్తనిదాన్ని గ్రహించాడు.

ఈపాటి మాటకు టీకా దేనికని ఆక్షేపించేవారికి సమాధానం. మెతుకుసీమ కొల్చారం వాడని మనం చెప్పుకునే మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్యకు సంజీవని అనీ, మాఘుడికి రాసినదానికి సర్వంకష అనీ పేర్లు పెట్టి, భారవి కిరాతార్జునీయం దగ్గరికొచ్చేసరికి ఘంటాపథం అన్నాడు. ఘంటాపథమంటే మెడలో గంటలు కట్టిన ఏనుగులు నడిచే రాచబాట. మన భాషలో నేషనల్ హైవే. నిన్నమొన్నటి దాకా దాని నంబరు 5, 2010లో నంబర్లు మార్చాక 16. గంటల స్థానంలో ఎయిర్ హారన్లు వచ్చాయి, ఏనుగుల స్థానంలో వచ్చినవాటికి చక్రాలున్నాయి. టీకాకు రోడ్డు పేరు పెట్టిన తెలుగువాడు వందల ఏళ్ల కిందటే ఉండగా, రోడ్డు మీది మాటకు టీకా కూడదనడం శాస్త్రవిరోధం.

భారవి వాక్కు కొబ్బరికాయ లాంటిదని కూడా ఆయనే అన్నాడు. పై పెంకు తాను పగలగొడతానని, లోపలి సారం రసికులు గ్రహించాలని ఆయన భావం. కోనసీమలో ఈ పోలికకు మళ్లీ వ్యాఖ్య అక్కర్లేదు. మన గురువాక్యమూ ఆ జాతిదే. పీచు ఉంది, చిప్ప ఉంది. లోపల నీళ్లున్నాయా అన్నదే విచారణ.

ప్రతిపదార్థం. క్లచ్చి = సుగమం. తొక్కు = సుగమం. తమకు అంతుపట్టనిచోట సుగమమని రాసి తప్పుకోవడం వ్యాఖ్యాతల వంశాచారం, దాన్ని మేమూ పాటించాం. ఎదవా = సంబోధన. శిష్యుడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది, గురువుగారికి అది తెలుసు. జీతం కోసేటప్పుడు ఆ పేరుతోనే పిలుస్తారు.

గేరు మార్చు = ఇది సుగమం కాదు. పాత టాటా 1210 మీద చెయ్యి తిరిగిన గురువు క్లచ్చిని రెండుసార్లు తొక్కమంటాడు. తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి వదలాలి, కింది గేరుకైతే ఇంజనుకు కాస్త రేజు ఇవ్వాలి, మళ్లీ తొక్కి గేరెయ్యాలి. సింక్రోమెష్ లేని పాత గేరుబాక్సులో పళ్లు అరవకుండా పడాలంటే అదే దారి. ఇప్పటి బళ్లలో ఆ అవసరం చాలావరకు లేదు. అయినా కుర్రాడు రెండుసార్లు తొక్కాల్సిందే. ఎందుకండీ అని అడిగితే దెబ్బ. ప్రయోజనం పోయాక కూడా క్రియ మిగలడం మీమాంసకులకు ఎంతో ఇష్టమైన విషయం, వాళ్లు దీనిమీద ఒక అధికరణం రాయగలరు. మేం రాయం. ఎందుకంటే అక్కడ అసలు అడగాల్సిన ప్రశ్న క్లచ్చి గురించి కాదు, గాలి గురించి.

మా వీధి కుర్రాడొకడు తెల్లారగట్ల ఇంజను స్టార్టు చేసి, గేజులో ముల్లు లేవకముందే గేరేశాడు. బండి కదల్లేదు. యాక్సిలేటరు తొక్కాడు. ఇంజను అరిచింది గాని బండి కదల్లేదు. వీపు మీద ఒకటి పడింది. ట్యాంకులో గాలి నిండనిదే వెనక చక్రాల స్ప్రింగు బ్రేకు వదలదనీ, దారిలో గాలి పోతే బండి దానంతటదే పట్టుకోవాలని కంపెనీవాళ్లు కావాలనే అలా పెట్టారనీ ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆ ముక్క మూలంలో లేదు. ప్రక్షిప్తంగానైనా లేదు.

నా మొహం చూడకు = అన్వయ సౌలభ్యం కోసం దీన్ని అద్దం కంటే ముందు తీసుకుంటున్నాం. శిష్యుడు గురుముఖం చూసేది భక్తితో కాదు, తరవాతి దెబ్బ ఎటునుంచి వస్తుందో కనిపెట్టడానికి. దక్షిణామూర్తి మౌనంగా బోధిస్తే శిష్యుల సందేహాలు తీరాయట. ఈయన కేకలతో బోధిస్తాడు, శిష్యుడు మౌనంలోకి వెళ్లిపోతాడు. శల్యసారథ్యం అంటారు కదా, అది కూడా ఇక్కడ పూర్తిగా కుదరదు. కర్ణుణ్ణి చిన్నబుచ్చుతానని శల్యుడు ధర్మరాజుకు ముందే మాటిచ్చాడు. నా నోటికొచ్చింది అంటాను, పడాలి అని దుర్యోధనుడితోనూ ఒప్పందం చేసుకున్నాడు. మన గురువు ఏ ధర్మరాజుకూ మాటివ్వలేదు. ఊరికే అంటాడు.

సారథ్యం మాట వచ్చింది కనుక, బండి తోలడం నేర్పడం గురించి మన వాఙ్మయంలో ఉన్న మేలైన ఘట్టాన్ని ఇక్కడ స్మరించకపోతే దోషం. నలుడు కర్కోటకుడి కాటుతో రూపం మారి, బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుడి దగ్గర డ్రైవరుగా చేరాడు. దమయంతికి మళ్లీ స్వయంవరం, రేపే అని కబురొచ్చింది. ఒక్క పగటిలో విదర్భ చేరాలి. బాహుకుడు వెళ్లి బక్కచిక్కిన గుర్రాల్ని ఎంచి తెచ్చాడు. ఇవేం గుర్రాలయ్యా అని రాజు సందేహించాడు. బాహుకుడు గయ్యిమనలేదు. ఏ గుర్రానికి ఏ సుడి ఎక్కడుందో, అవి ఎందుకు పరుగెత్తగలవో చెప్పాడు, కాదంటే మీకు నచ్చినవే కడతానన్నాడు. ఈ ఒక్క సంభాషణ మా జిల్లాల్లో డ్రైవరు సీటు వెనక బోర్డు కట్టించి పెట్టదగ్గది.

రథంలో మూడోవాడు కూడా ఉన్నాడు, వార్ష్ణేయుడు. పూర్వం నలుడికే సారథి. బండి పోకడ చూసి, ఈ చెయ్యి ఎక్కడో చూశానే, ఇతడు మాతలియా, శాలిహోత్రుడా, లేక మా నలుడేనా అని లోపల్లోపల లెక్కలు కట్టుకుంటాడు. మొహం మారినా తోలే తీరును పట్టి మనిషిని గుర్తుపట్టినవాడు. క్లీనర్లకు ఎవరైనా కులదైవం కావాలంటే మేం వార్ష్ణేయుణ్ణి ప్రతిపాదిస్తాం. దారిలో రాజుగారి ఉత్తరీయం జారిపోయింది, ఆపు, వీడు దిగి తెస్తాడన్నాడు. అది ఈపాటికి యోజనం వెనక ఉందని జవాబు. అప్పుడు ఋతుపర్ణుడు తన విద్య చూపించాడు. తానికాయ చెట్టు చూసి ఆకులూ కాయలూ ఇన్నని లెక్క చెప్పాడు. బాహుకుడు బండి ఆపి, చెట్టు పడగొట్టి, లెక్కపెట్టి చూస్తేగాని ఒప్పుకోలేదు. స్వయంవరానికి టైమైపోతుందని రాజు గోల. ఇలాంటి డ్రైవర్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇక్కడ విశేషం. రాజు తన అక్షహృదయాన్ని అక్కడికక్కడే ఇచ్చేశాడు. బదులుగా రావలసిన అశ్వహృదయం మాత్రం నీ దగ్గరే నిక్షేపంగా ఉండనీ అన్నాడు. అంటే ఫీజు ముందే కట్టాడు, పాఠం బాకీ. మన డ్రైవింగు స్కూళ్ల పద్ధతి సరిగ్గా ఇదే. తేడా ఏమంటే, కథ సుఖాంతమయ్యాక నలుడు ఆ బాకీ మర్చిపోకుండా తీర్చాడు. ఈ కథను తెలుగు చేసిన నన్నయ్య కూర్చుని రాసింది రాజమహేంద్రవరంలోనే. తరవాత శ్రీనాథుడు కూడా నలుడి కథ పట్టుకున్నాడు గాని, ఆయన మూలం శ్రీహర్షుడిది కాబట్టి పెళ్లి దగ్గరే ఆగిపోయింది. రథం రోడ్డెక్కనే లేదు. రసికులకు అది చాలు, డ్రైవర్లకు చాలదు.

అద్దం దగ్గర ఆగాం.

అద్దం చూడు = డెల్టాలో సగం రోడ్లు కాలవగట్లే. ఒక పక్క నీళ్లు, ఒక పక్క వరిచేను, మధ్యలో లారీ అంత రోడ్డు. కల్లం నుంచి మండపేట మిల్లుకు ధాన్యం ఎత్తాలంటే ఆ గట్టు మీద రివర్సు రాక తప్పదు. అద్దంలో కాలవ కనిపిస్తుంది, చేను కనిపిస్తుంది. బండికి సరిగ్గా వెనక ఏముందో కనిపించదు. అందుకే వెనక ఒకడు నిలబడి "రానీ, రానీ, రానీ... ఓల్డాన్!" అనాలి. మామూలుగా ఆ ఒకడు క్లీనరు. క్లీనరే స్టీరింగు దగ్గర ఉన్న రోజున వెనక నిలబడాల్సింది గురువు. గురువు సీట్లోంచి లేవడు. ఫోనులో బ్రోకరుతో కిరాయి మాట్లాడుతూ, మధ్యలో అద్దం చూడరా అంటాడు. అర్ధసత్యం చెప్పి అశ్వత్థామ హతః అన్న దానికీ దీనికీ ఒకటే తేడా, అక్కడ యుద్ధం గెలిచారు.

ఇక మహావాక్యం. మాకెవడు నేర్పాడ్రా = ఇది కాకువు. ప్రశ్నలాగా ఉంటుంది, జవాబు కోరదు. ఎవడూ నేర్పలేదు, మేమే నేర్చుకున్నాం అని ధ్వని. పూర్వపక్షం: కర్త లేని విద్యను అపౌరుషేయం అంటారు, కనుక లారీ డ్రైవింగు వేదంతో సమానం, దాన్ని ప్రశ్నించరాదు. బాగుంది. అయితే ఒక హేతువు అడ్డం వస్తోంది. కొత్త బండి కొన్నప్పుడు ఇదే గురువు తుని దగ్గర లోవకు, తలుపులమ్మ తల్లి గుడికి పూజకు తీసుకెళతాడు. చక్రాల కింద నిమ్మకాయలు ఎలా పెట్టాలి, తొక్కించేటప్పుడు బండి ఎంత మెల్లగా కదలాలి, కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి అన్నీ అదే కుర్రాడికి ఎంతో ఓపిగ్గా చెబుతాడు. కసరడు, కొట్టడు. అంటే చెప్పడం చేతకాదన్న వాదం నిలవదు.

సిద్ధాంతం (వసిష్ఠ ఒడ్డున వంతెన దగ్గరున్న ఊరు కాదు). చెప్పకపోవడం వల్ల ఏమవుతుందో చూద్దాం. డెల్టా చదును నేల. ఎక్కుడూ దిగుడూ అంటే వంతెనల అప్రోచులు, కాలవల మీది తూములు, అంతే. దిగుడు రాగానే డీజిలు కలిసొస్తుందని బండిని న్యూట్రల్‌లో వదిలేయడం కుర్రాడు గురువు దగ్గర చూసి పట్టేస్తాడు. చదును నేల మీద అది చెల్లిపోతుంది. అదే కుర్రాడు లోడుతో మారేడుమిల్లి ఘాటు దిగుతూ న్యూట్రల్ చేస్తే ఇంజను పట్టు పోయి బరువంతా బ్రేకు మీద పడుతుంది. పదే పదే తొక్కితే గాలి తరిగిపోతుంది, డ్రమ్ములు కాగిపోతాయి. ఇక్కడ వెటకారం రావడం లేదు, క్షమించాలి.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం, అదీ సూత్రగ్రంథమే కనుక. 1988 చట్టం ప్రకారం రవాణా బండికి 20 ఏళ్లు నిండాలి, చిన్నబండి లైసెన్సు తీసుకుని ఏడాదైనా గడవాలి. 1989 నాటి కేంద్ర నియమాల్లో 31వది, రవాణా వాహనం నేర్పే స్కూలు శిక్షణ 30 రోజులకు తగ్గకూడదంటుంది, అందులో నిజంగా నడిపించే గంటలు 15కి తగ్గకూడదంటుంది. పాఠ్యప్రణాళికలో తోటి రోడ్డువాళ్లతో మర్యాదగా మెలగడమెలా అని కూడా ఒక పాఠం ఉంది. దాన్ని నేర్పే వదనారవిందాన్ని పాఠకులు ఊహించుకోవాలి. 24వ నియమం నేర్పే బండికి డ్యూయల్ కంట్రోలు ఉండాలంటుంది, అంటే బండిని ఆపగల రెండో ఏర్పాటు గురువు చేతిలో ఉండాలి. మన లారీలో గురువు చేతిలో ఉండేది శిష్యుడి మెడ. ఇంతా చేసి ఐదో నంబరు ఫారం మాత్రం, అందరూ కాదు గాని, కొందరు డబ్బు కట్టించుకుని బండి ఎక్కించకుండానే ఇచ్చేస్తారు. ఆ కాగితం జేబులో పెట్టుకుని కుర్రాడు అసలు విద్య కోసం మళ్లీ "ఎదవా" దగ్గరికే వస్తాడు.

క్లీనరు కూడా కార్మికుడేనని, 2025లో రద్దయ్యేదాకా 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. రోజుకు 8 గంటలని కూడా రాసి ఉండేది. కాని అది మామూలుగా ఐదుగురు, అంతకు పైన పనివాళ్లున్న సంస్థలకే వర్తించేది. ఒక లారీ, ఒక డ్రైవరు, ఒక క్లీనరు ఉన్న ఓనరు దాని కిందికి వచ్చేవాడు కాదు.

శిష్యుడి ప్రత్యుత్తరం మూలంలో లేదు గాని సంప్రదాయంలో ఉంది. "ఆయ్, అలాగేనండి గురువుగారూ." దీనికి టీకా లేదు. గోదావరి వాళ్లకు అక్కర్లేదు, ఇతరులకు చెప్పినా అర్థం కాదు.

తాత్పర్యం రాయాల్సిన చోట ఓనర్లకు ఒక మనవి రాస్తున్నాం. కుర్రాడికి లెర్నింగు లైసెన్సు తీయించండి, నేర్చుకునే రోజులకు కూడా బత్తా ఇవ్వండి, లోడు దింపిన ఖాళీ బండి మీద నేర్పించండి. నేర్పే డ్రైవరుకు నేర్పినందుకు విడిగా డబ్బివ్వండి. ఇప్పుడాయనకు నేర్పినందుకు పైసా రాదు. కుర్రాడి చేతిలో బండికి గీత పడితే మాత్రం ఆయన బత్తాలోంచే కోస్తున్నారు.