పేరుకో రేటు

‘జనరిక్కా? అందులో పవరుండదండీ!’ మందుల షాపు కౌంటరు మీద మోచెయ్యి ఆనించి ఈ మాట చెప్పే కుర్రాడు ఫార్మసీ చదివి ఉండకపోవచ్చు. గోడకు వేలాడే లైసెన్సు మరెవరి పేరునో ఉండొచ్చు. అయినా పవరు సంగతి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఏ షీటు అమ్మితే ఎంత మిగులుతుందన్నది కూడా పవరే కదా.

జనరిక్‌కీ బ్రాండుకీ మన దగ్గర జరిగే తగువు చూస్తే ముచ్చటేస్తుంది, ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలే కనక. పేటెంటు గడువు తీరాక ఎవరైనా చేసి అమ్ముకునే మందు జనరిక్. ఆ లెక్కన బీపీకని, షుగరుకని, గ్యాసుకని మనం మింగే బ్రాండుల్లో చాలా భాగం జనరిక్కులే. ఓ ముద్దుపేరు పెట్టి, రంగుల అట్టపెట్టెలో కూచోబెట్టారంతే. నమ్మకపోతే షీటు తిరగేసి వెలుతురుకి పట్టండి. మీరు నమ్ముకున్న పెద్ద కంపెనీ పేరు ముందు ‘మార్కెటెడ్ బై’ అని ఉండే షీట్లు బోలెడు. పక్కనే చీమ తలకాయంత అక్షరాల్లో ‘మాన్యుఫాక్చర్డ్ బై’ అంటూ ఇంకెవరిదో పేరు, చాలాసార్లు హిమాచల్‌ ప్రదేశ్‌లోని బద్ది అడ్రసు. అలాంటి ఫ్యాక్టరీ అదే మాత్రను నలుగురికి చేసిపెడుతుంది. నలుగురూ నాలుగు రేట్లు వేసుకుంటారు. మందు అసలు పేరు బ్రాండు పేరుకంటే రెండు సైజులు పెద్దగా అచ్చు వెయ్యాలని 2018 నుంచి రూలుంది. షీటు మీద పెద్దదైన ఆ పేరు డాక్టరుగారి చీటీలోకి మాత్రం ఎక్కలేదు.

సర్కారువారి జన్ ఔషధిలో టెల్మిసార్టన్ పేరున్న బ్రాండు ధరలో నాలుగో వంతు లోపే దొరుకుతుంది. దొరికేది కాబట్టే అనుమానం. అంత చవకైతే పనేం చేస్తుంది? జనరిక్‌లో 20 శాతం మందు తక్కువుంటుందని చదువుకున్నవాళ్లూ చెబుతారు. 80 నుంచి 125 అన్న అంకె ఎక్కడో చెవినబడి ఉంటుంది. అది మాత్రలో మందు తూకం కాదు. అసలు మందూ నకలు మందూ నెత్తుట్లోకి ఎంతెంత చేరాయో పోల్చి, ఆ నిష్పత్తి లెక్కలో ఉండే అనిశ్చితితో సహా ఆ హద్దుల మధ్య ఇమడాలన్న నియమం. సగటున 20 శాతం తగ్గిన మందు ఆ గడప దాటలేదు. సులువుగా కరగని మందులకు ఈ పరీక్ష మన దేశంలో తప్పనిసరి చేసింది 2017లో. అంతకుముందైతే, నాలుగేళ్లు పాతబడ్డ మందుకి రాష్ట్రం లైసెన్సిస్తే సరిపోయేది. కాబట్టి మీ ఖరీదైన బ్రాండు కూడా పరీక్ష రాయకుండా పాసైన పిల్లాడే కావచ్చు.

నాసిరకం లేదని కాదు. పుష్కలంగా ఉంది. రాన్‌బాక్సీ 2013లో అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టింది. అదేమీ సందులో షెడ్డు కాదు, పేరున్న పెద్దిల్లు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. అక్కడ ఇచ్చే మందుల్లో పదింట తొమ్మిది జనరిక్కులే. వాటిలో ఎన్నో బాచుపల్లి, జడ్చర్ల నుంచి వెళ్లినవే. టెక్సస్‌లో మన అబ్బాయి అవి మింగి ఆఫీసుకెళ్తున్నాడు. కూకట్‌పల్లిలో వాళ్ల నాన్నగారికి మాత్రం పవరు చాలదు! మందుల రాజధాని అని మనం చెప్పుకునే ఊళ్లో జనానికి ఉచితంగా అందింది ఒకటుంది. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ మాత్ర వేసుకున్న రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు. ఎమ్మార్పీ లేదు, చీటీ అడగలేదు, జనరికో బ్రాండో ఎవరూ తేల్చలేదు.

ఈ బజారు తమాషా ఏమిటంటే, ఎంచుకునేవాడు కొనడు, కొనేవాడు ఎంచుకోడు. టోకెను పట్టుకుని మనం ఫ్యాను కింద కూచుంటే, మందుల కంపెనీల నల్లబ్యాగు రెప్పులు టోకెను లేకుండానే డాక్టరుగారి గదిలోకెళ్తారు. తర్వాత మన చేతికొచ్చే చీటీలోని పేరు ఊరంతా వెతికినా దొరకదు, ఆ మెట్ల కింది షాపులో తప్ప. అసలు పేరే రాయమని మెడికల్ కౌన్సిల్ 2016లో చెప్పింది. రాయకపోతే చర్య తప్పదని, కంపెనీల ఖర్చుతో జరిగే సదస్సులకు వెళ్లొద్దని 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ నోటిఫై చేసింది. అదే నెల 23న పక్కన పెట్టేసింది. కొన్ని మాత్రల కోర్సు కూడా అంతకంటే ఎక్కువ రోజులుంటుంది.

డాక్టర్ల వాదనా కొట్టిపారేసేది కాదు. అసలు పేరు రాస్తే ఏ కంపెనీది ఇవ్వాలో తేల్చేది కౌంటరు కుర్రాడు. ఎమ్మార్పీ బండగా అచ్చేయించి, అందులో ఏ కొంచెమో పెట్టి కొన్న జనరిక్ షీటును ‘మీకోసం 20 శాతం తగ్గింపు’ అంటూ చేతిలో పెట్టేదీ అతనే. నల్లబ్యాగు గదిలోంచి కౌంటరుకి మారుతుంది, రోగి జేబు అలాగే ఉంటుంది.

ఇంకో మాటలోనూ డాక్టర్లదే న్యాయం. థైరాక్సిన్, మూర్ఛకిచ్చే ఫెనిటాయిన్ లాంటివాటిలో మోతాదు కాస్త అటూఇటూ అయినా ఇబ్బందే. కుదిరిన కంపెనీని అడగకుండా మార్చకూడదు. అందుకే కొందరు ఎంతో శ్రద్ధగా, ఏళ్ల తరబడి ఒకే కంపెనీ మందు రాస్తారు, ఆ రెప్పు వేరే కంపెనీకి మారేదాకా.