ఘాటురోడ్డును తిన్నగా చేయింపుడు: ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ రహదారుల శాఖాధికారివర్యుల సముఖమునకు,

శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకులోయకు పోవు ఘాటురోడ్డున, పన్నెండు మోటారు సైకిళ్ళ బృందమునందు పన్నెండవవాడనై, అనగా తోకనై, మొన్నటి ఆదివారము ప్రయాణము చేసిన ఒక నడివయస్కుడు వినయపూర్వకముగా చేసికొను మనవి యేమనగా: ఆ మార్గమునందలి మలుపులన్నియు తక్షణమే తీసివేయించి, దారము పట్టినట్లు తిన్నని రోడ్డు వేయింప ప్రార్థన.

కోరిక విపరీతమని తమకు తోపవచ్చును. కాని మా యువమిత్రులను మార్చుటకంటె కొండను మార్చుటయే సులభమని నాకు ఆనాడు దృఢపడినది. తిన్నని దారిలో ఒకరు కుడివైపున, వెనుకవారు ఎడమవైపున, ఎడముగా సాగవలెననియు, మలుపులు మొదలు కాగానే ఆ పద్ధతి విడిచి చీమలబారువలె ఒకరి వెనుక ఒకరు పోవలెననియు, వేగమును మలుపునకు ముందే తగ్గించుకొనవలెను గాని మలుపులో బ్రేకు బిగింపరాదనియు, కుడిమలుపున చక్రము తన పక్కనే యున్నను వంగిన రౌతు శిరస్సు మధ్యగీతను దాటి ఎదుటి బండికి ఎరయగుననియు, కొత్తవానిని నాయకుని వెనుకనే యుంచి వాని వేగమే అందరి వేగముగా ఎంచవలెననియు ఎస్.కోట టీకొట్టువద్ద నేను చెప్పుచున్నంతసేపును అందరును తలలూపిరి. కొండ మొదలైన పిమ్మట ఆ తలలు నాకు మరి కనబడలేదు.

కనబడినది ఒక్కచోట. వెండి ఓకు చెట్లకు మిరియపుతీగెలు ప్రాకిన కాఫీతోట ప్రక్కన, సరిగా మలుపు నడుమనే బండ్లు నిలిపి, పొగమంచులో ఫొటోలు దిగుచుండిరి. నెత్తిన కట్టెలమోపుతో వచ్చుచున్న యొక గిరిజన స్త్రీ తన రోడ్డును ఆ ఫొటోకు విడిచి కాలువలోనికి దిగి నడచినది. అటుపిమ్మట నా బండి గొలుసు ఊడినది. అరకులో బొంగు చికెను వడ్డించు వేళ ఒక విస్తరి మిగిలిన తరువాతగాని పన్నెండవవాడు లేడన్న సంగతి వారికి స్ఫురింపలేదట!

ఇరుకైన కొండదారిలో దిగువాడు ఎక్కువానికి దారి యీయవలెనని రహదారి నియమములు విధించినవి. తిరుగుప్రయాణమున మావారు, ఎగువకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సునే వెనుకకు పొమ్మని హారను మ్రోగించిరి. డ్రైవరు కిటికీలోనుండి మా వంశములను గూర్చి పలికిన నాలుగు మాటలు ఇచట వ్రాయదగినవి కావు, అన్యాయమైనవియు కావు.

మలుపులు తీయుట అసాధ్యమందురేని, రెండవ ప్రార్థన. ప్రతి బండికిని రెండు అద్దములు గలవు. అవి క్రాపు సవరించుకొనుటకు కావనియు, అందు వెనుకవాని దీపము కనబడనిచో వేగము తగ్గింపవలెననియు, అప్పటికిని కనబడనిచో, మలుపు దాటి, చోటు చూచి ఆగవలెననియు ఒక ఉత్తరువు దయచేయుడు. ఈ యొక్క మర్యాద అలవడిన తక్కినవన్నియు వెంట వచ్చును. వెనుకవానికొరకు ఆగనేర్చినవాడు ఎదుటివానికి దారి యీయకపోడు.

ఇట్లు, విధేయుడు,
పన్నెండవ బండి

తా.క. వచ్చే ఆదివారము లంబసింగికి రమ్మని మిత్రులు కబురంపిరి. తోకగానే వత్తుననియు, నా విస్తరి మాత్రము అందరికంటె ముందు వేయవలెననియు షరతు పెట్టితిని.