అర్ధాంగీకారం

గుండె కేసుల మీద జరిగే గురువారం మీటింగును ముప్పావు గంట నుంచి పన్నెండు నిమిషాలకు కుదించిన ఘనుణ్ని నేనే. 2020 జులైలో ఆ సంగతి నలుగురికీ చెప్పుకొని మురిసిపోయాను కూడా.

అంతకుముందు ఆ మీటింగంటే చీకటి గది, తెర మీద యాంజియోగ్రామ్, అల్లం టీ, అరుపులు. నేను స్టెంటు అంటే సర్జన్ సార్ కుర్చీలోంచి లేచి వెళ్లి, తెర మీద వేలు పెట్టి “ఇక్కడ గ్రాఫ్ట్ పడాలయ్యా” అనేవారు. మత్తు డాక్టరు ఊపిరితిత్తుల గురించి గొణిగేవారు. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ క్యాథ్‌ల్యాబ్ సిస్టర్, ఎవరూ అడగకపోయినా, “ఇంటికెళ్లాక మందులు తెచ్చేదెవరు సార్?” అనేవారు. ఇదంతా నాకు కాలయాపనగా కనిపించేది. కరోనా వచ్చి గదికి తాళం పడింది, జూమ్ వచ్చింది. లింకు డాక్టర్లకు మాత్రమే పంపాను.

ఆ జులైలోనే నల్గొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. షుగరు. మూడు నాళాల్లోనూ పూడికలు. పూడికల తీవ్రతను కొలిచే సింటాక్స్ స్కోరు 34. 33 నుంచీ పైనుంటే బైపాస్ వైపే మొగ్గాలని పీజీలకు పాఠం చెప్పేది నేనే. షుగరున్న వాళ్ల మీద జరిగిన ఫ్రీడమ్ ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. అయిదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి చూస్తే స్టెంట్ల వాళ్లలో 26.6 శాతం, బైపాస్ వాళ్లలో 18.7 శాతం. ఆ అంకెలు నాకు కంఠతా వచ్చు.

వాటిని పక్కన పెట్టి ఇంకో అంకె తీశాను. ఆపరేషన్ ముందో తర్వాతో కోవిడ్ సోకిన వాళ్లలో నెలలోపు 23.8 శాతం మంది పోయారని మే నెలాఖరున లాన్సెట్‌లో వచ్చింది. “సోకిన వాళ్లలో” అన్న రెండు మాటలూ మింగేశాను. పైగా ఐసీయూలో మంచాల్లేవు, వెంటిలేటర్లు లేవు. స్టెంటయితే రెండ్రోజుల్లో ఇంటికి పంపచ్చు. యాంజియో బొమ్మేమో నెట్టు సరిగా లేక ఆగి ఆగి కదులుతోంది, ఏ పూడిక ఎంతుందో ఎవరికీ సరిగ్గా కనిపించలేదు.

“ఎవరికైనా అభ్యంతరమా?”

చప్పుడు లేదు. ఒక గడిలో సీలింగు ఫ్యాను తిరుగుతోంది, ఇంకో గడిలో ఎవరిదో పాత పాస్‌పోర్టు ఫొటో. మూడు సెకన్లు ఆగి, రిజిస్టర్లో “ఏకగ్రీవం” అని రాశాను. మౌనం అర్ధాంగీకారమంటారు. మిగతా సగం నేను కలిపేశాను.

మర్నాడు స్టెంట్లు వేశాను. చక్కగా పడ్డాయి, అదొక గర్వం. సోమవారం పార్కింగులో సర్జన్ సార్ ఎదురై మాస్కు పైకి లాక్కుంటూ, “రెండు నిమిషాలు మాట్లాడానయ్యా. మ్యూట్‌లో ఉన్నానని తర్వాత తెలిసింది. అతనికి టెస్టు నెగెటివ్ కదా, ఆ 23.8 అతనికెలా వర్తిస్తుంది?” అన్నారు. ఫోనయినా చెయ్యలేదేం అనబోయాను. నేను మాత్రం చేశానా?

2021 ఫిబ్రవరిలో ఆ రైతు ఛాతీనొప్పితో తిరిగొచ్చాడు. ఒక స్టెంటు మూసుకుపోయింది. రక్తం గడ్డకట్టకుండా ఏడాది పాటు వాడమన్న రెండు మాత్రల్లో ఒకటి మూడో నెలలోనే ఆగిపోయిందట. పట్నం వచ్చి తెచ్చేవాళ్లు లేరు. ఈసారి బైపాస్ చేశారు, మనిషి దక్కాడు. మొదటే కోసుంటే ఇదంతా తప్పేదని ఒట్టేసి చెప్పలేను. కానీ కేస్ షీట్లో “కోవిడ్ పరిస్థితుల వల్ల” అని రాయబోయి కలం ఆపేశాను. లింకు ఎవరికి పంపాలో కరోనా చెప్పలేదు కదా.

ఆ సాయంత్రం సిస్టర్‌ని పట్టుకుని, కాస్త నిష్ఠూరంగానే, “మందుల సంగతి మీరైనా అడగాల్సింది కదమ్మా” అన్నాను.

“మీటింగు జరుగుతోందని నాకెవరు చెప్పారు సార్?” అన్నారావిడ, గ్లవ్స్ విప్పుకుంటూ.