పులస వాక్యం: టీకా తాత్పర్య సహితం

మూలం: పుస్తెలమ్మైనా పులస తినాలి.

అవతారిక: పరీక్షల ముందు ఇంగ్లీషు పీరియడులో అలిటరేషన్, హైపర్‌బోలి, ఇంపెరెటివ్, ఎమోటివ్ లాంగ్వేజ్ అని బోర్డు మీద వరసగా రాసి పునశ్చరణ చేయిస్తారు. లక్షణాలు నోటికొస్తాయి, లక్ష్యాలను మాత్రం ఎక్కడో లండన్ సబ్బుల ప్రకటనల్లో వెతుక్కోవాలి. రాజమహేంద్రవరం, యానాం, అంతర్వేది పిల్లలకు ఆ శ్రమ అక్కర్లేదు. ఎదుటివాడి చేత డబ్బు తీయించే వాక్యం వాళ్ల ఇళ్లలోనే నలుగుతోంది. దీని కర్త ఎవరో తెలియదు. చేపలమ్మే మనిషే అయివుంటారని ఊహించడానికి అభ్యంతరం లేదు.

ప్రతిపదార్థం: పుస్తెలు = మంగళసూత్రానికి గుచ్చిన బంగారు బిళ్లలను, పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి; అమ్మైనా = విక్రయించి అయినా; పులస = వరద గోదావరికి ఎదురెక్కిన ఇలస చేపను; తినాలి = భుజించి తీరాలి.

వ్యాకరణం: 'అమ్మి' క్త్వార్థకం. క్త్వార్థక ఇకారానికి సంధి లేదని బాలవ్యాకరణంలో చిన్నయసూరి నిషేధం. పుస్తెలే పోతున్నచోట ఒక ఇకారం పోయిందని చింతించే తీరిక గోదావరి జిల్లాల్లో ఎవరికీ లేదు.

అన్వయం: 'తినాలి'కి కర్త అధ్యాహారం. 'మనం' అని చేర్చుకుంటే వినేవాణ్ణి కూడా పంక్తిలో కూర్చోబెట్టినట్టవుతుంది. ఇంగ్లీషు మేష్టారు దీన్ని ఇన్‌క్లూజివ్ లాంగ్వేజ్ అంటారు. అయితే పుస్తెలు ఒకరివి, నాలుక ఇంకొకరిది. ఆ సంగతిని వాక్యం నేర్పుగా దాటేసింది.

అలంకారాలు: పుస్తె, పులస అని పకార సకారాలు తిరిగి వచ్చాయి. జంట విడిపోయి వచ్చింది కనుక ఛేకానుప్రాసం అనడానికి వీల్లేదు, వృత్త్యనుప్రాసమే. అతిశయోక్తి స్పష్టం. కానీ కిలో ధర వేలల్లో పలికే ఏడాది అది స్వభావోక్తిగా దిగిపోయే ప్రమాదముంది. అసలు బలం అర్థాపత్తిలో ఉంది: పుస్తెలే అమ్మదగినవైతే జేబులోని జీతం ఏపాటిది? ఈ కైముతిక న్యాయాన్ని వాక్యం పైకి అనదు, కొనేవాడే పూర్తిచేసుకుంటాడు. బోర్డు మీది జాబితాలో ఇంత పదునైనది మరొకటి లేదు.

మమ్మటుడు ఉపదేశాన్ని ప్రభుసమ్మితం, మిత్రసమ్మితం, కాంతాసమ్మితం అని మూడు విధాలు చేశాడు. 'తినాలి' అన్న విధి చూస్తే ప్రభువు. చెప్పే ధోరణి చూస్తే మిత్రుడు. కాంతాసమ్మితమా అంటే, కాంత సమ్మతమే అనుమానం.

తాత్పర్యం: ఎంత ఖరీదైనా పులస తినవలసిందే.

విశేషం: మూలంలో లేనిది రాయనన్న మల్లినాథసూరి నియమం ప్రకారం టీక ఇక్కడ ఆగాలి. కానీ ఒప్పించడానికి వక్త మీద నమ్మకం, శ్రోతలో ఉద్వేగం, యుక్తి అని మూడు సాధనాలు చెప్పాడు అరిస్టాటిల్. వాక్యంలో ఉన్నది ఉద్వేగమొక్కటే. యుక్తిని వ్యాఖ్యాత పూరించక తప్పదు. ఇలస బంగాళాఖాతపు చేప. జులై నుంచి సెప్టెంబరు దాకా, ఎర్రనీరు కడలిలో కలిసే రోజుల్లో, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. తీపినీళ్లలో ఉప్పదనం తగ్గి, రుచి మారి పులస అనిపించుకుంటుంది. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట, తర్వాత దాని స్థానంలో వచ్చిన బ్యారేజీ ఆ దారికి అడ్డం. దొరికేది కొద్ది, కోరేవాళ్లు ఎక్కువ. ఇక వంట సంగతి: మట్టిదాకలో బెండకాయలు వేసి, సన్నని సెగ మీద పులుసు కాచి, ఆవకాయ నూనె తగిలించి, మర్నాటిదాకా ముట్టకూడదు. ఈ చివరి విధిని పాటించేవారు అరుదు.

అలంకార సంకరం: ఒడిశా నుంచి ఐసుపెట్టెల్లో దిగిన ఇలసను పులస అని అమ్మితే అమ్మేవాడిది రూపకం, నమ్మి కొన్నవాడిది భ్రాంతిమంతం. ముక్క నోట్లో పెట్టుకుని ఆగిన మామగారిది సందేహం. పులస కాదు, ఉత్త ఇలసేనని తేల్చిన అత్తగారిది భ్రాంతాపహ్నుతి. అప్పయ్య దీక్షితుల కువలయానందంలో నాలుగింటికీ లక్షణాలున్నాయి. ఇంగ్లీషు పేపరులో మాత్రం మొదటిదానికి మెటఫర్ అని రాస్తే మార్కులు వస్తాయి. అత్తగారికి జాబితాలో చోటు లేదు.