లంకలో ఆయిల్ ఇంజన్ పెట్టుకున్న అర్జీ

మహారాజశ్రీ రాష్ట్ర ఇంధన శాఖ వారి సముఖమునకు,

పట్టిసీమకు దిగువన గోదావరి లంకలో, అరటితోట పక్కన గోనెపట్టా కప్పుకుని ఉన్న 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజన్ విన్నవించుకుంటున్నది. అర్జీదారుది ఒకటే సిలిండరు. 2015 నుంచి పట్టిసీమ గట్టున వెలసిన 24 ఎత్తిపోతల మోటార్ల పక్కన నిలబడే యోగ్యత దానికి లేదు. ఒక్కో మోటారు 354 క్యూసెక్కులు తోడుతుంది. అన్నీ కలిసి 8,500 క్యూసెక్కులను పోలవరం కుడికాలువ మీదుగా కృష్ణా డెల్టాకు పంపుతాయి. మొత్తం బలం 113 మెగావాట్లు. అంటే ఒక్కో మోటారు అర్జీదారులాంటివి పన్నెండొందల పెట్టు. అయితే వాటిని కర్రకు కట్టి నలుగురు మోసుకుపోయి పడవెక్కించలేరు.

అర్జీదారు గాలి పీల్చి, అణిచి, పేలి, పొగ వదిలేసరికి ఫ్లైవీలు రెండు చుట్లు తిరుగుతుంది. బలం పుట్టేది ఆ ఒక్క పేలుడులోనే. మిగతా మూడు పనులూ ఇనపచక్రం దాచుకున్న ఊపుతో సాగాలి. అందుకే చక్రం అంత బరువు. నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే 750 పేలుళ్లు. (ఒకసారి కదిలి, ఆనక ఊపు మీద నెట్టుకొచ్చే పద్ధతి ఏలినవారి ఫైళ్లకు కొత్తకాదు.)

అసలు గోడు ఇది. 2004 నుంచి వ్యవసాయ మోటారుకు కరెంటు ఉచితం. స్తంభం లేనివాడు మాత్రం క్యాను పట్టుకుని బంకుకెళ్లి, పన్నులతో సహా డీజిల్ కొనుక్కోవాలి. వరదకు తీగ నిలవని లంకలో స్తంభమెవరు పాతుతారు? పైగా హ్యాండిల్ తిప్పేది కౌలురైతు. 2019 చట్టం అతనికి సాగుదారు హక్కు పత్రం ఇస్తానంది, నిజమే. దానికీ ఆసామి సంతకం కావాలి. ఆసామి రాజమండ్రిలోనో హైదరాబాదులోనో ఉంటాడు, సంతకం పెడితే పొలం పోతుందని జంకుతాడు.

అర్జీదారుకు తమ్ముళ్లూ ఉన్నారు: మందుకొట్టే పవర్ స్ప్రేయరు, గడ్డి కోసే మిషను. ఎక్కువగా టూ స్ట్రోకువి, చుట్టుకొక పేలుడు, పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఇప్పుడా పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాలు. దానిది చెమ్మను లాక్కునే గుణం. పని లేని నెలల్లో ట్యాంకులో వదిలేస్తే కార్బొరేటరు మొరాయిస్తుంది. ఈ బాధ వేరే శాఖది గనక ఇక్కడ ఆపడమైనది.

కోరేది ఒకటే. ఈ-పంట నమోదులో సాగుదారుగా ఎవరి పేరుంటే వారికే, ఆసామి సంతకం అడక్కుండా, డీజిల్ మీద లీటరుకింత అని రాయితీ ఇప్పించండి.

అర్జీదారుకు సంతకం రాదు, కింద గ్రీజు మరక వేయడమైనది. ఏరు లంకెక్కితే అర్జీదారు గట్టు మీద పాకలో ఉంటుంది. జవాబు అక్కడికే పంపగలరు.