సెల్ఫ్రిడ్జ్ గారూ, ఒక్కసారి అరకు రండి!

'అవతార్' అభిమానుల మధ్య తెగని తగువు ఒకటుంది. 2009లో వచ్చిన మొదటి భాగం చివర పండోరాలోని నావీ జనం గనుల కంపెనీవాళ్లను వరసలో నిలబెట్టి, ఓడ ఎక్కించి, సాగనంపారు. హాల్లో ఈలలు వేశాం. తీరా 2022లో రెండో భాగం చూస్తే అదే కంపెనీ అంతకంటే పెద్ద దండుతో మళ్లీ దిగింది. మరి గెలిచాక నావీల నాయకుడు జేక్ సల్లీ ఏం చేసినట్టు? సర్కారు పెట్టలేదేం? సంధిపత్రం రాయించుకోలేదేం? నాయకుడన్నవాడు పెళ్లాం పిల్లల్ని వెంటేసుకుని సముద్రం ఒడ్డుకు వలస పోవడమేమిటి? తప్పంతా జేక్‌దేనని ఒక వర్గం. ఎన్ని పత్రాలు రాయించుకున్నా వచ్చేవాళ్లు వస్తారని ఇంకో వర్గం. 2025 డిసెంబరులో మూడో భాగం కూడా వచ్చింది కాబట్టి తగువు ఇంకా ముదురుతుంది.

జవాబు మాత్రం విశాఖపట్నంలో దొరికేసింది. 2025 జనవరి నెలాఖరున అక్కడ జరిగిన పర్యాటక పెట్టుబడిదారుల సదస్సులో సభాపతి అయ్యన్నపాత్రుడు గారు సెలవిచ్చారు: ఏజెన్సీలో టూరిజం పెరగాలంటే, అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టాన్ని సవరించాలట. వినగానే నాకు జ్ఞానోదయమైంది. తప్పు జేక్‌ది కానే కాదు, కంపెనీది. దాని మేనేజరు పార్కర్ సెల్ఫ్రిడ్జ్‌కు మంచి సలహాదారు దొరకలేదు, అంతే. ఆ లోటు నేను తీరుస్తాను. ఫీజు సంగతి తర్వాత చూసుకుందాం.

సెల్ఫ్రిడ్జ్ గారూ, మీ మొదటి తప్పు, ఖనిజం కావాలని నోరు విప్పి చెప్పడం. కిలో 2 కోట్ల డాలర్లంటూ రాయిని చేత్తో పట్టుకుని మరీ చూపించారు. మా దగ్గరా కొందరు అలాగే బాక్సైట్, బాక్సైట్ అని అరిచి చెడ్డారు. 2015 నవంబరులో జీవో 97 ఇచ్చి, జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్లు ఖనిజాభివృద్ధి సంస్థకు రాసిస్తే మన్యమంతా రోడ్డెక్కింది. 2019లో ఆ జీవోయే రద్దయిపోయింది. కాబట్టి ఖనిజం మాటే ఎత్తకండి. సూర్యోదయం అనండి. వ్యూ పాయింట్ అనండి. సూర్యోదయాన్ని ఎవడు వద్దంటాడు?

రెండోది, నావీలు కాపురముండే హోమ్‌ట్రీని క్షిపణులతో కూల్చడం. అయ్యో, అంత చెట్టు! కొమ్మకు ఆరేసి కాటేజీలు, మొదట్లో రిసెప్షన్, పైన స్విమ్మింగ్ పూల్. నరికితే విధ్వంసం, గదులు కడితే ఎకో రిసార్ట్. గాల్లో తేలే కొండలు కూడా ఉన్నాయి మీకు! ఇక్కడ ఒట్టి మేఘాలు చూడ్డానికే జనం తెల్లారకముందే వంజంగి కొండెక్కుతున్నారు, దిగేటప్పుడు బీరు సీసాలు కొండకే వదిలేసి. ఎగిరే ఇక్రాన్ల మీద స్వారీకి పెద్దలకు 500, పిల్లలకు 300, జీఎస్టీ అదనం. ఆత్మల చెట్టు కింద సెల్ఫీ పాయింట్. రాత్రి ఎనిమిదింటికి చలిమంట, నావీల నాట్యం. మా ధింసాకు చేసినట్టే, చివర్లో అతిథులూ దూరి నాలుగు తప్పుటడుగులు వేయొచ్చు. పక్కనే బొంగు చికెన్ స్టాలు మాత్రం మరవకండి.

మూడో తప్పు, నావీలను తరిమేయడం. తరిమేస్తే గదులెవరు ఊడుస్తారండీ? ఉద్యోగాలివ్వండి. పదడుగుల మనిషి గేటు దగ్గర నిలబడితే కాపలాకు కాపలా, శోభకు శోభ. నిన్నటిదాకా ఆ నేల తనదే గనుక ఏ మూల ఏముందో నేర్పే పని కూడా లేదు. పేపర్లకు 'స్థానికులకే ఉపాధి' అని రాసి పంపండి.

చట్టమంటారా? పండోరాలో లేనే లేదు, అదృష్టవంతులు. మా దగ్గర ఉండి మాత్రం? రిసార్టు కాగితం ఒకరి పేరున, లాభం ఇంకొకరి జేబులో. మీరూ ఒక నావీని వెతికి పట్టుకోండి. నావీల చేతికి నాలుగే వేళ్లని బెంగపడకండి; అందులో బొటనవేలుంది, మనకు కావలసిందీ అదే.

ఇంకా ఎవరైనా అడ్డం చెబితే మీ కాపలాదళం కల్నల్ క్వారిచ్ ఉన్నాడుగా, చచ్చి కూడా రెండో భాగానికి లేచొచ్చినవాడు! తుపాకీ పక్కన పెట్టించి, కోటు తొడిగి, సదస్సుకు పంపండి. ఈ నావీలు వెనకబడి ఉన్నది వాళ్లకున్న రక్షణల వల్లేనని ఒక్క ముక్క అనిపించండి. చప్పట్లు మోగకపోతే నన్నడగండి.

వెటకారానికి కూడా ఒక హద్దుంది. టూరిజానికి 1/70 అడ్డమా? టైడాలో జంగిల్ బెల్స్, అనంతగిరిలో హరిత, అరకులో మయూరి ఏ చట్టం ఉండగా నడుస్తున్నాయి? ఆ చట్టం ఆపేది భూమి చేతులు మారడాన్ని. మన్యం గుమ్మంలో, నర్సీపట్నంలో ఇన్నేళ్లు రాజకీయం చేసిన పెద్దమనిషికి ఈ తేడా తెలియదంటే నేను నమ్మను. పైగా అది సభలో చేతులెత్తించి చేసిన చట్టం కాదు. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్ తెచ్చిన రెగ్యులేషన్. అలాంటిది తేవాలంటే గిరిజన సలహా మండలిని అడగాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. సభాపతి గారు అడిగింది మాత్రం పెట్టుబడిదారుల్ని.

ఎవరో దయతలచి ఇచ్చిన చట్టమూ కాదది. 1917లో తెల్లదొరలే ఏజెన్సీ భూముల బదిలీకి కళ్లెం వేయాల్సి వచ్చింది. 1922లో మన్యం ఎందుకు మండిందో, జిల్లాకు అల్లూరి పేరు పెట్టుకున్నవాళ్లకు నేను చెప్పాలా? 1959 నాటి రెగ్యులేషన్‌కు కన్నాలు పడితే 1970లో సవరించి, గిరిజనేతరుడు గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదన్నారు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద సమతా సంస్థ కొట్లాడితే, 1997లో సుప్రీంకోర్టు ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని, ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవని తేల్చింది. గెలిచిన ప్రతిసారీ వీళ్ల నెత్తిన ఇంకో భాగం వచ్చి పడుతూనే ఉంది.

2025 ఫిబ్రవరి 11, 12 తేదీల్లో ఏజెన్సీ 48 గంటలు బంద్ పాటించింది. 1/70ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి గారు అప్పుడు ప్రకటించారు. సంతోషం. ఆ ఒక్క వాక్యం కోసం ఒక జిల్లా జిల్లా కూలి మానుకుని, కొట్లు మూసుకుని రోడ్డు మీద కూర్చోవాలా? 1970 నుంచీ ఉన్న హక్కు ఇంకా ఉందని చెప్పించుకోవడానికి ఇంత ఖర్చా? నిండు చూలాలిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లకు రోడ్డు వేయబోతే 1/70 ఏనాడైనా అడ్డం పడుకుందా? ఆ రోడ్లు గుర్తు రానివాళ్లకు రిసార్టులు మాత్రం ఎలా గుర్తొస్తాయి?

మన తూర్పు కనుమల్లోనే, ఒడిశా వైపు, బాక్సైట్ గని ముప్పు వచ్చిపడిన నియమగిరి ఉంది. అక్కడి డోంగ్రియా కోందుల గోడు వినమని 2010లో సర్వైవల్ ఇంటర్నేషనల్ సంస్థ హాలీవుడ్ పత్రికలో ప్రకటన ఇచ్చి మరీ 'అవతార్' దర్శకుడు జేమ్స్ కామెరాన్‌ను వేడుకుంది. కొండ నిలిచింది మాత్రం 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలను అడగమన్నాక. 1/70 సవరణ కావాలనుకునే పెద్దలు ఏసీ హాలు వదిలి, కొండెక్కి, అలాగే అడగాలి. నియమగిరిలో 12 గ్రామసభలను అడిగారు. పన్నెండూ వద్దన్నాయి.