పేరు చెప్పని మామ

అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు చెప్పే మనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. మా వైపు ఆ పదవి చిన్నమామది. జువాలజీ లెక్చరర్‌గా రిటైరై, ఇబ్రహీంపట్నం దగ్గర రావిర్యాలలో ఇల్లు కట్టుకుని, పెన్షన్‌తో పాటు గాల్ ఈగల్ని కూడా తెచ్చి పెట్టుకున్నాడు. దోమకన్నా చిన్నవి. అవి గుడ్లు పెట్టిన చోట మొక్క బొడిపె కడుతుంది, పిల్లపురుగు అందులో కిరాయి లేకుండా ఉంటుంది.

పక్క పొలం ఆయన వరి పిలక పీక్కొచ్చి "సారూ, ఉల్లికోడేనా? గుళికలు చల్లాల్నా?" అంటాడు. ఉల్లికోడంటే వరికి పట్టే గాల్ ఈగే; పిలక తెల్లటి గొట్టమై కళ్లముందే ఉంది. మామ దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తాడు. "1889ల వుడ్-మేసన్ దీనికి పేరు పెట్టిండు. ఆఫ్రికాల ఉన్నది గూడ ఇదే అనుకున్నరు. 1982ల అది వేరే జాతని తేల్చిన్రు. మరి నువ్వు తెచ్చింది ఏదంటవ్?" పాపం ఆ రైతు ఆఫ్రికా మాటే ఎత్తలేదు. "మరి గుళికలు, సారూ?" "ముందుగాల ఈగ బయటికి రానీ."

ఈగ బయటికి రావాలి. మామ జీవితమంతా ఈ ఒక్క వాక్యం మీద నడుస్తోంది. అత్త పచ్చడి సీసాలన్నీ బొడిపెలకు వసతిగృహాలు, మూతుల బదులు పాత చీర ముక్కలు. పెరట్లో దొండ తీగ కణుపుల దగ్గర ఉబ్బితే కోసెయ్యబోయిన అత్తను "ఆగు, అది నియోలాసియోప్టెరా!" అని ఆపాడు. "ఏదైతేంది, కూరకు కాయల్లేవు" అంది ఆమె. టార్చిలైటుతో రాత్రంతా కాపలా కాశాక సీసాలోంచి వచ్చింది ఈగ కాదు, దాన్ని లోపలే తినేసిన నల్ల కందిరీగ. నిజంగా ఈగే వస్తే కష్టం ఇంకా పెద్దది. పొటాష్‌లో నానబెట్టి, కెనడా బాల్సం అనే జిగురుతో గాజు పలక మీద అంటించి, మీసం కణుపులు లెక్కపెట్టాలి. ఆడదైతే "మగది దొరకాలె" అంటాడు.

ఒక పెళ్లిలో మామిడి తోరణం ఆకు ఒకటి తెంపి జేబులో వేసుకున్నాడు, ఆకు నిండా బొడిపెలని. ఆడపెళ్లివారు శకునమేదో చూశాడనుకుని గుసగుసలాడారు. మామ బాధ వేరు: చెట్టు మనది, పురుగు మనది, దానికి బారసాల మాత్రం 1906లో ఐరోపావాళ్లు చేశారు. భోజనాల దగ్గర కెనడా ఎత్తుకున్నాడు. ప్రపంచం మొత్తమ్మీద పేర్లున్న గాల్ ఈగలు ఆరు వేల పైచిలుకు. డీఎన్‌ఏ చూసి 2016లో వేసిన లెక్క ప్రకారం ఒక్క కెనడాలోనే 16 వేల జాతులుండొచ్చు. "మన రావిర్యాలల ఎన్నున్నయో!" అంటుంటే పక్కాయన లడ్డూతో సహా లేచిపోయాడు.

అయినా ఈ నస ఊరికే పోదని ఒప్పుకోవాలి. ఉల్లికోడును తట్టుకునే ఫల్గుణ వరికి 1980ల్లో శ్రీకాకుళం వైపు ఆ పురుగే పట్టింది. చూడ్డానికి అదే ఈగ, గుణం వేరు. మన దేశంలో అలాంటి బయోటైపులు ఏడు గుర్తించారు. ఒక చోట నిలబడిన వంగడం ఇంకో చోట పడిపోతుంది. మామ ఇది చెప్పాక నేను కూడా ఆకులు తిరగేసి చూస్తున్నాను, మా ఆవిడకు ఇప్పటికే అనుమానం.

అటువైపు వెళ్తే మామ ఇంట్లో టీ తాగండి, అత్తనడిగి దొండకాయలు కూడా తెచ్చుకోండి. పురుగు పేరు మాత్రం అడక్కండి, చీకటి పడకముందే ఇల్లు చేరాలనుకుంటే.